ఒక్క తరం బతికే ఇంటిపేరు

పాప పుట్టిన మూడో రోజున ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఫారం నింపింది మా అమ్మ. నేను నింపే స్థితిలో లేను. పాపకు కామెర్లు ఎక్కువగా ఉన్నాయని నీలం లైటు కింద పెట్టారు. కళ్ళకు గంతలు కట్టి అద్దాల పెట్టెలో పడుకోబెట్టిన ఆ పిల్ల పొట్ట పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా అని చూస్తూ కూర్చోవడమే నా పని. కాసేపు కదలకపోతే నర్సును పిలిచేదాన్ని. నాలుగోసారి పిలిచినప్పుడు ఆ అమ్మాయి, "మేడమ్, పిల్లలు నిద్ర కూడా పోతారు" అంది.

అమ్మ ముప్పై ఏళ్ళు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పింది. ఫారాలు నింపడంలో ఆమెను మించినవాళ్ళు చిలకలగూడలో లేరు. మా వీధిలో ఎవరికి ఏ దరఖాస్తు రాయాల్సి వచ్చినా మా ఇంటికే వచ్చేవారు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదన్నది ఆమె నియమం.

"ఇంటిపేరు దగ్గర ఏం రాయమంటావే?" అంది.

"వాళ్ళకి ఇంటిపేర్లుండవమ్మా. వదిలెయ్యి."

"వదిలేస్తే తండ్రి లేని పిల్లనుకుంటారు."

పాప పొట్ట వైపే చూస్తున్నాను. అమ్మ నా సంచిలోంచి మా పెళ్ళి సర్టిఫికెట్ తీసింది. అందులో మా ఆయన పేరు రెండు ముక్కలు. రెండో ముక్కే ఇంటిపేరనుకుంది. మనవాళ్ళ పద్ధతిలో దాన్ని ముందు రాసి, దాని పక్కన పాపకు తను ఎంచిన బైబిలు పేరు రాసింది. గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. చూసిన మన మనిషెవరికీ అందులో తప్పు కనిపించదు.

మా ఆయనది ఇథియోపియా. ఇక్కడ యూనివర్సిటీలో నేలల మీద పరిశోధన చేయడానికి వచ్చాడు. నేను అప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాను. అతను హబ్షిగూడలో అద్దెకు ఉండేవాడు. ఆ ఇంటాయన తనకు తెలిసినవాళ్ళందరికీ అతన్ని చూపించి, "పేరుకే హబ్షిగూడ గానీ, ఇన్నాళ్ళకు ఒక హబ్షీ దొరికిండు" అని నవ్వేవాడట. హబ్షీ అంటే తమ దేశపు మనిషని తెలిసి మా ఆయన కోపం తెచ్చుకోలేదు. "నా పేరుతో ఊరే ఉంది, ఇంకేం కావాలి" అనేవాడు. నాకు మాత్రం ఆ నవ్వు నచ్చేది కాదు. పాప కడుపులో పడ్డాక మరీ భయం పట్టుకుంది. అలాంటి నవ్వులు ఈ పిల్ల ఎన్ని మోయాలో అని.

నాకు ఏడో నెల నడుస్తుండగా, చదువు కోసం పెట్టిన అతని సెలవు అయిపోయింది. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం, రమ్మన్నారు, వెళ్ళాడు. పాపకు ఆరు నెలలు నిండాక మేమిద్దరం వెళ్ళాలన్నది ఏర్పాటు. జనన ధ్రువపత్రం చేతికి రాగానే చౌరస్తా దగ్గరున్న నెట్ సెంటర్‌కు వెళ్ళి స్కాన్ చేయించి అతనికి పంపాను. అక్కడి ఆఫీసులో చూపించి మాకు అనుమతి కాగితాలు తీసుకోవాలి. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. ముందు చాలాసేపు నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

"ఆఫీసులో ఆయన నీ కాగితం చదివి, ఈ ముసలాయన ఎవరు, ఈయన తండ్రికి ఆడపేరేమిటి అని అడిగాడు."

"ఏ ముసలాయన?"

"మా నాన్న."

మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులో. మధ్యలో అతను బస్సుల్లో నేర్చుకున్న తెలుగు నాలుగు ముక్కలు వేస్తాడు. ఆ రోజు తెలుగు ఒక్క ముక్క కూడా వేయలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ దేశంలో మొదటి పేరు మనిషిది, రెండో పేరు ఆ మనిషి తండ్రిది. అంతే. పెళ్ళి సర్టిఫికెట్‌లో ఉన్న రెండో ముక్క ఇంటిపేరు కాదు, వాళ్ళ నాన్న పేరు. అమ్మ దాన్ని తీసుకొచ్చి పాప పేరు ముందు పెట్టింది. వాళ్ళ లెక్కన చదివితే, పుట్టినవాడు మా మామగారు. ఆయన్ని కన్న తండ్రి మా పాప.

"నేనెక్కడా లేను" అన్నాడు.

"కింద తండ్రి పేరు అన్న చోట నీ పేరుంది కదా."

"ఉంది. కానీ పిల్ల పేరులో నేను లేను. పైన ఒక కథ, కింద ఇంకో కథ. ఇది చెల్లదన్నారు. సరిచేసి పంపించమన్నారు."

ఇది నాకు ముందే తెలియదా అంటే, తెలుసు. వాళ్ళకు ఇంటిపేర్లుండవని అతను వంద సార్లు చెప్పాడు. అమ్మకు చెప్పింది కూడా నేనే. కానీ తెలిసిన సంగతిని అవసరమైన రోజున పట్టించుకోలేదు. ఆ తప్పు అమ్మది అని పైకి అన్నాను గానీ, లోపల మాత్రం నాదే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం. విమానం దిగుతాం. గాజు పలక వెనక ఒక మనిషి కూర్చుని ఉంటాడు. నా మొహం చూస్తాడు, పాప జుట్టు చూస్తాడు, కాగితం చూస్తాడు. "ఈ పిల్ల ఎవరి పిల్ల?" అంటాడు. అద్దానికి అవతల మా ఆయన చెయ్యి ఊపుతూ ఉంటాడు. కాగితంలో అతను లేడు. పాపను నా చేతుల్లోంచి తీసుకుంటారు. పాలు పడుతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఇదే కనిపించేది. అమ్మతో చెబితే, "కన్నతల్లివి పక్కన ఉండగా ఎవడు తీసుకుంటాడే?" అంది. గొంతులో మాత్రం ధీమా లేదు.

మా పెళ్ళి మాటలప్పుడు అమ్మ అతన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇంటిపేరే. ఏ ఊరు, ఏ సంఘం, ఏం చదువు అన్నవన్నీ తర్వాత. "మీ ఇంటిపేరేంటి బాబూ?" అంది. అతను కుర్చీలో సర్దుకుని కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఏడు పేర్లు వరసగా అప్పజెప్పాడు. తనది, తండ్రిది, తాతది, అలా ఏడు తరాలు. అమ్మ నా వైపు చూసింది. వెటకారం చేస్తున్నాడనుకుంది.

నేను విడమరిచి చెప్పాను. మనం ఒకే ఇంటిపేరు వాళ్ళకు పిల్లనివ్వం కదా, వాళ్ళు ఏడు తరాల్లో ఎక్కడా కలవకుండా చూసుకుంటారు. అందుకే అతని ఊళ్ళో చిన్నప్పుడే పేర్లు బట్టీ పట్టిస్తారు. ఇంటిపేరు చేసే పనే ఈ ఏడు పేర్లూ చేస్తాయి. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "మన ఇంట్లో నాలుగో తరం పేరు నాకు తెలియదు" అంది. అప్పటికి ఆ మాట మెచ్చుకోలో, ఒప్పుకోలో నాకు అర్థం కాలేదు. పెళ్ళికి మాత్రం ఒప్పుకుంది.

కాగితం వెనక్కి వచ్చిన వారంలో ఒకరోజు, పాపను అమ్మకిచ్చి మళ్ళీ నెట్ సెంటర్‌కు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. ఏదో ఒక ఆధారం దొరుకుతుందనుకున్నాను. ఇంటిపేరు కొడితే ప్రపంచంలో ఎంతమందికి ఆ పేరుందో చూపించే పేజీ ఒకటి ఉంది. మామగారి పేరు కొట్టాను. చాలా అరుదైన ఇంటిపేరు అని వచ్చింది. ఒక పటం మీద వాళ్ళ దేశం లేతరంగులో కనిపించింది. మిగతా లోకమంతా తెలుపు. మన దేశం కూడా తెలుపే. అతను ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్న సంగతి ఆ పటానికి తెలియదు. ఆ ఇంటిపేరు వాళ్ళు మొదట ఏ ప్రాంతంవాళ్ళు, ఎటు వలస వెళ్ళారు అన్న చోట సమాచారం లేదని రాసి ఉంది. అంత తక్కువమంది ఉన్నారని చూడగానే పేజీ మూసేశాను. అంతరించిపోయే జాతి గురించి చదివినట్టు అనిపించింది.

రాత్రి అతనితో చెబితే మళ్ళీ నవ్వాడు.

"ఆ పేజీ లెక్కపెట్టింది ఇంటిపేరును కాదు. అలాంటి పేరున్న తండ్రుల పిల్లల్ని. ఒకరికొకరు చుట్టాలు కూడా కాకపోవచ్చు. నాకు తెలిసి ఆ పేరు చివర పెట్టుకున్నవాళ్ళం మేము ఐదుగురం. నేను, మా అన్న, ముగ్గురు అక్కలు."

"మీ తర్వాత?"

"మా తర్వాత మా పిల్లలకు మా పేర్లు వస్తాయి. అక్కల పిల్లలకు వాళ్ళ నాన్నల పేర్లు. మా నాన్న పేరు మాతో అయిపోతుంది. మా దగ్గర ఇంటిపేరు ఒక్క తరమే బతుకుతుంది."

అంత మామూలుగా అన్నాడు. ఆ పేరు ఎలా వచ్చిందని అడిగాను. ఇన్నాళ్ళూ అడగాలని తోచలేదు, మన ఇంటిపేర్లకు అర్థం ఎవరడుగుతారు? అతను ఫోన్ వాళ్ళ నాన్నకిచ్చాడు. మామగారికి ఇంగ్లీషు రాదు. ఆయన చెబుతుంటే అతను పక్కనుంచి చెప్పాడు.

మామగారి కంటే ముందు ఆయన తల్లికి ముగ్గురు పుట్టి పోయారు. ఒక్కరూ నలభై రోజులు దాటలేదు. నాలుగోసారి ఈయన పుట్టినప్పుడు ఆమె ఎవరినీ అడగకుండా తనే పేరు పెట్టింది. ఆ పేరుకు అర్థం "నా కోసం బతుకు" అని. ఆ అర్థం వచ్చే పేర్లు వాళ్ళ దేశంలో ఇంకా ఉన్నాయట. కానీ ఆమె తన ఊరి యాసలో, తను బిడ్డతో ఎలా మాట్లాడేదో అలాగే పెట్టింది. అందుకే అది అరుదు. ఊళ్ళోవాళ్ళు అది పేరా, ఏడుపా అన్నారట. ఆమె మార్చలేదు. ఆయన బతికాడు. ఇప్పుడు డెబ్భై దాటాయి.

ఫోన్ పెట్టేసి అమ్మకు చెప్పాను. అమ్మ పాప గుడ్డలు మడతపెడుతోంది. చేతులు ఆగిపోయాయి.

"మా నాన్నను పుట్టగానే చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు" అంది. "ముందు ఇద్దరు పోయారని. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు కూడా వదిలేస్తుందని. ఆ కుప్ప పేరే పెట్టారు. తర్వాత పాస్టరు గారు బాప్తిస్మమప్పుడు మంచి పేరు పెట్టినా, ఊరంతా పాత పేరుతోనే పిలిచేవాళ్ళు. నేను స్కూల్లో చేరినప్పుడు తండ్రి పేరు చెప్పమంటే అందరూ నవ్వారు. అప్పటి నుంచి ఎక్కడా రాయలేదు. ఇంటిపేరు రాసి ఊరుకునేదాన్ని."

తాతయ్య పేరు నాకు తెలుసు. కానీ అమ్మ కాగితాల్లో అది ఎక్కడా లేదని అప్పుడే తెలిసింది. ఇంటిపేరు గడి ఖాళీగా వదలకూడదని ఆమె ఎందుకంత పట్టుబడుతుందో కూడా.

ఇక్కడే నాకు కొత్త చిక్కు వచ్చిపడింది. సరిచేయాలంటే పాప పేరు ముందున్న ఆ మాట తీసేయాలి. పాప పేరు, పక్కన తండ్రి పేరు, అంతే చాలు అన్నాడు మా ఆయన. మూడోది, అంటే తాత పేరు, చివర ఉన్నా మంచిదే, లేకపోయినా నష్టం లేదు. నేను సైన్సు చదివాను. ఆదివారం చర్చికి వెళ్తాను గానీ తాయెత్తులు కట్టను. అయినా నీలం లైటు కింద ఉన్న రోజున ఆ పిల్లకు కాగితం మీద రాసిన మొదటి మాట "నా కోసం బతుకు" అని తెలిశాక, దాన్ని నా చేత్తో నేనే కొట్టేయించాలంటే చెయ్యి రావడం లేదు. ఉంచితే తండ్రి దగ్గరికి చేర్చలేను. తీసేస్తే ఏమవుతుందో అని భయం. అలా తొమ్మిది రోజులు ఆఫీసుకు వెళ్ళకుండా గడిపాను. రోజూ ఏదో ఒక సాకు. పాపకు జలుబు, ఎండ, బంద్.

పదో రోజున అమ్మ ఫారం తెచ్చి తనే రాసింది. పాప పేరు, దాని పక్కన మా ఆయన పేరు, చివరన మామగారి పేరు. "పద" అంది.

మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని పాత కాగితం, కొత్త ఫారం రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఏందమ్మా, మంచిగనే ఉంది కద. ఏం తప్పు పడ్డది?"

"వరస తిరగబడిందండీ" అన్నాను.

"ఇంటిపేరు ముందలనే ఉంటది. తిరగబడుడేంది?"

"అది ఇంటిపేరు కాదు, తాత పేరు."

"తాత పేరు బిడ్డకెందుకు పెట్టిండ్రు మరి?"

అమ్మ గొంతు సవరించుకుంది. "నేనే రాశాను బాబూ. పొరపాటు నాదే."

ఆయన పాప వైపు చూశాడు. పాప అమ్మ భుజం మీదినుంచి ఆయన బల్ల మీది గంటను చూస్తోంది. "బిడ్డ తండ్రి ఏ ఊరాయన?"

"ఇథియోపియా."

"గది యాడుంది? దుబాయ్ దిక్కా?"

"దుబాయ్ కంటే ఇంకా అవతల."

"జెర ఆగుండ్రి. తండ్రి పేరుల రెండే ముక్కలున్నయ్, బిడ్డ పేరుల మూడాయె. రేపు స్కూల్ల వేస్తే పరేషాన్ అయితరమ్మా. తండ్రికో తీరు, బిడ్డకో తీరు ఉంటదా? నా మాట వినుండ్రి, గిట్లనే ఉంచుండ్రి." ఫారం నా వైపు తోశాడు.

నాకు కన్నీళ్ళు వచ్చేశాయి. ఏడిస్తే పని చెడుతుందని తెలిసి కూడా. అమ్మ పాపను నాకిచ్చి, ఆయన బల్ల మీద ఉన్న చిత్తుకాగితం తీసుకుని, క్లాసులో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది. "ఇదిగో బాబూ, ఇది తాత. ఈయన పేరు కొడుక్కి తోకలా వస్తుంది. ఆ కొడుకు పేరు మళ్ళీ వాడి బిడ్డకు తోక..."

ఆయన కళ్ళజోడు కిందికి దించాడు. "ఆగుండ్రి. తమిళోళ్ళ లెక్కనా?"

అమ్మ పెన్ను ఆగింది.

"మా బొల్లారంల పక్కింటాయన గంతే. ఆయన ఇనిషియల్ వాళ్ళ నాయిన పేరు. ఆయన కొడుకు ఇనిషియల్ ఈయన పేరు. వాళ్ళకు సుత ఇంటిపేరు ఉండదు. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న."

"అంతే!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"గట్ల చెప్పరాదమ్మా షురూలనే! ఇంతసేపు దుబాయ్ అవతల, తాత, తోక అనుకుంట..." పక్క బల్ల ఆవిడ కూడా నవ్వింది. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగి, చుట్టూ కంటోన్మెంట్ తమిళ కుటుంబాల మధ్య తిరిగి, ఈ పోలిక నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ సిగ్గే.

కానీ అయిపోలేదు. "ఇంటిపేరు గడి ఖాళీ ఇడిస్తే కంప్యూటర్ తీసుకోదు" అన్నాడు. "ఏదో ఒకటి వేయాలె. మూడిట్ల ఏది వేయమంటరు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ మూడోదాని మీద వేలు పెట్టింది. "ఇది. ఇది తీయడానికి వీల్లేదు."

ఆయన టైపు చేశాడు. పాత కాగితంలో ఆసుపత్రి ఫారం మీద రాసింది రాసినట్టే దిగింది గానీ, ఈ యంత్రం ఇంటిపేరును చివరన ముద్రిస్తుందట. ముందు పాప, మధ్యలో తండ్రి, చివర ఆ తల్లి ఏడ్చినట్టు పెట్టిన మాట. ప్రమాణపత్రాలు, మా ఆయన అక్కడినుంచి పంపాల్సిన సంతకం, ఇంకా రెండుసార్లు తిప్పడం అన్నీ అయ్యాయి. కొత్త కాగితం వచ్చాక అక్కడి ఆఫీసులో ఏమీ అనకుండా తీసుకున్నారట. మా ఆయన వాళ్ళ నాన్నకు చదివి వినిపిస్తే, ఆయన మళ్ళీ ఒకసారి చదవమన్నాడట. పాపతో కలిపి చివర ఆ పేరున్నవాళ్ళు ఆరుగురయ్యారు. నెట్ సెంటర్‌లో చూసిన ఆ పేజీలో ఈ లెక్క రాదు.

పాపకు ఇప్పుడు ఏడో నెల. వచ్చే వారం మా ప్రయాణం. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఆ ఫైలు బీరువాలో పెట్టి, రోజుకు నాలుగుసార్లు తెరిచి చూస్తున్నాను. పాప పొట్ట లేస్తోందా అని చూసిన చూపుతోనే ఇప్పుడు ఆ అక్షరాలను చూస్తున్నాను. గాజు పలక వెనక మనిషి ఇంకా పోలేదు. ఎవరి పిల్ల అని అతను అడిగితే కాగితం చూపిస్తే చాలని తెలుసు. అయినా కాగితం ఎక్కడైనా పడిపోతే? అందుకని మా ఆయన్ని అడిగి ఏడు తరాల పేర్లూ తెలుగులో రాసుకున్నాను, పాప పేరుతో మొదలుపెట్టి. నోరు తిరగని పేర్లు. అందులో ఒక్క ఆడపేరూ లేదు, మా పాపది తప్ప. కానీ వాటిలో ఒక్క పేరైనా ఒక తల్లి పెట్టిందని తెలుసు గనుక, మిగతావి కూడా అలాగే ఉంటాయనుకుని నేర్చుకుంటున్నాను.

ఇవాళ సాయంత్రం పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అప్పజెప్పుకుంటున్నాను. పాప పేరు, తండ్రి, తాత, ముత్తాత. అక్కడ ఆగిపోయాను. రాసుకున్న కాగితం అందేంత దూరంలో లేదు. వంటింట్లో అమ్మ చింతపండు పిసుకుతోంది. అటునుంచే, ఇటు తిరగకుండానే, ఐదో పేరు అందించింది.